డిజిటల్ ధ్వని రికార్డింగు, ఎడిటింగు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

గాలిలో కదిలే శబ్దాన్ని మైకు ద్వారా విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తును సెకనుకు వేల సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచిపెట్టే పద్ధతిని డిజిటల్ ధ్వని రికార్డింగు అంటారు. ఆ అంకెలను కంప్యూటరులోనో ఫోనులోనో తెరిచి, అక్కర్లేనిది తీసేసి, మిగిలినదాన్ని వరసపెట్టి, వినడానికి వీలుగా తీర్చే పని ఎడిటింగు. ఒకప్పుడు ఈ రెండు పనులకూ మద్రాసు, హైదరాబాదు, విజయవాడ స్టూడియోలే దిక్కు. ఇప్పుడు ఒక ఫోను, ఒక చిన్న మైకు, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేరు ఉంటే కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలోని ఇంటి గదిలోనే ఈ విద్య మొదలుపెట్టవచ్చు. పరికరాలు చవకైనంత మాత్రాన మంచి రికార్డింగు దానంతటది రాదు. అది చాలావరకు బటన్ నొక్కకముందే, చోటు ఎంచుకునేటప్పుడూ మైకు పెట్టేటప్పుడూ తేలిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఈ సంగతే అన్నిటికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో సాఫ్ట్‌వేరు కన్నా గదికి, మైకుకు, చెవికి ఎక్కువ చోటు దక్కింది.

ప్రాంతం, దాని ధ్వనులు

ఆదోనికి పత్తి వ్యాపారం వల్ల, ఎమ్మిగనూరుకు నేత వల్ల పేరు వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి నంద్యాల వేరైనా ఈ పడమటి భాగం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది. సరిహద్దు ప్రాంతం కావడంతో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఒకే మనిషి ఒకే సంభాషణలో మూడింటినీ వాడడం కూడా మామూలే. భాషను రికార్డు చేయాలనుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఇక్కడి మగ్గం చప్పుడు నేర్చుకునేవారికి మంచి మొదటి పాఠం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం నీడలో పెరిగిన నేత కుటుంబాలెన్నో. గుంటమగ్గం దగ్గర కూర్చుని కళ్లు మూసుకుంటే ఒక్కో పోగుకు మూడు శబ్దాలు విడివిడిగా తెలుస్తాయి. కాలి కింద తొక్కుడుకర్ర దిగేటప్పుడు మెత్తని కిర్రుమనే శబ్దం, తాడు లాగగానే పేక నూలును మోసే నాడె అటు చివర పెట్టెకు తగిలే టక్కుమనే శబ్దం, దువ్వెనలాంటి పన్నె వచ్చి పేకను కొట్టే దడ్డుమనే శబ్దం. ఈ మూడూ సెకను లోపే అయిపోతాయి. మొదటిది చాలా చిన్నది, రెండోది పదునైనది, మూడోది బరువైనది. మైకును నేతగాడి భుజం దగ్గర పెడితే మూడూ వినిపిస్తాయి. నాడె పెట్టె పక్కన పెడితే టక్కుమనేదే మిగతా రెంటినీ మింగేస్తుంది. మైకు ఎక్కడ పెట్టామన్నదే ఏం వినిపిస్తుందో తేలుస్తుందని అరగంటలో అర్థమవుతుంది. ఈ మాట పుస్తకంలో చదివితే ఇంత తొందరగా ఎక్కదు.

మగ్గం కాక ఆటలు, ఉత్సవాల ధ్వనులూ ఇక్కడ చాలా ఉన్నాయి. మైలారలింగేశ్వరుడి భక్తులైన గొరవయ్యలు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని, ఢమరుకం వాయిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ ఆడతారు. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం జరుగుతుంది. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి జనం పోటెత్తుతారు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర సంక్రాంతి రోజుల్లో వస్తుంది. మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున ఏడాది పొడవునా భజనలు, పారాయణలు సాగుతుంటాయి. పీర్ల పండుగ పాటలు, చెక్కభజనలు, రాత్రంతా సాగే పద్య నాటకాలు వీటికి తోడు. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, నటుడు బళ్లారి రాఘవ తిరిగిన నాటక లోకం ఈ పాత బళ్లారి జిల్లాదే. పద్యం చివర రాగం తీసే అలవాటు ఇక్కడి పల్లె నటుల్లో ఇంకా వినిపిస్తుంది.

వీటికి ఎదురుగా రొద కూడా ఉంది. జిన్నింగు మిల్లుల హోరు, మరమగ్గాల దడదడ, మార్కెట్ యార్డుకు పత్తి బోరాలతో వచ్చే లారీలు, గుంతకల్లు - రాయచూరు రైలు మార్గం, మైకు సెట్లు, ఎండాకాలం ఒక్క క్షణం ఆగని ఫ్యాన్లు. రికార్డింగు చేసేవారు ఈ రొద మధ్యే పని నేర్చుకోవాలి.

టేపు నుంచి ఫోను దాకా

భారతదేశంలో వ్యాపార పద్ధతిలో గ్రామఫోన్ రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసు రేడియో కేంద్రంతో, తర్వాత 1948లో విజయవాడ కేంద్రంతో స్థిరపడ్డాయి. రాయలసీమ గొంతుకు సొంత చిరునామా 1963లో కడప ఆకాశవాణి వచ్చాకే దొరికింది. ఫిలిప్స్ కంపెనీ కాంపాక్ట్ క్యాసెట్‌ను బయటపెట్టింది కూడా 1963లోనే. మన ఊళ్లలో అది ఇంటింటి వస్తువు కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. బుర్రకథ, హరికథ, ఖవ్వాలీ, భక్తి పాటలు, పెళ్లి వీడియోలకన్నా ముందు వచ్చిన పెళ్లి క్యాసెట్లు, ఇవన్నీ ఆ కాలపు పంట.

పరిశోధకులు అంతకుముందే టేపు రికార్డర్లతో తిరిగారు. అమెరికన్ పండితుడు జీన్ రోఘైర్ 1974లో అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను టేపు మీదికి ఎక్కించి, దాని ఆధారంగా 1982లో ఆంగ్లంలో పుస్తకం వెలువరించాడు. ఒక గాయకుడి గొంతు, ఒక పరిశోధకుడి టేపు కలిస్తే ఒక వీరగాథ ప్రపంచానికి ఎలా చేరుతుందో చూపించే గట్టి తెలుగు ఉదాహరణ ఇది. ఆదోని వైపు గొరవయ్యల పాటకు, నేతగత్తెల పాటకు అలాంటి శ్రద్ధ ఇంకా రావాల్సి ఉంది.

1982లోనే సోనీ, ఫిలిప్స్ కలిసి కాంపాక్ట్ డిస్క్‌ను తెచ్చాయి. ధ్వనిని అంకెలుగా మార్చే పల్స్ కోడ్ మాడ్యులేషన్ పద్ధతిని బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లోనే ఊహించాడు. ఆ ఊహ మామూలు మనిషి చేతికి అందింది డిస్క్‌తోనే. ఆ తర్వాత 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కంపెనీల వేవ్ ఫైలు, 1990లలో జర్మనీ ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధనతో వచ్చిన ఎంపీ3, 2000లో ఉచితంగా విడుదలైన ఆడాసిటీ సాఫ్ట్‌వేరు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆడాసిటీ అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరి పని.

శబ్దం అంకెలుగా మారే తీరు

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా వినిపిస్తుందని లెక్క. వయసు పెరిగేకొద్దీ పై అంచు తగ్గుతుంది. మగ్గాల మధ్య, మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఇంకా ముందే తగ్గవచ్చు. ఒక శబ్దాన్ని తిరిగి సరిగా వినాలంటే అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపుకన్నా ఎక్కువ సార్లు సెకనుకు కొలవాలి. నైక్విస్ట్, షానన్ పేర్లతో పిలిచే సూత్రం ఇదే. డిస్క్‌కు 44,100 అన్న అంకె రావడానికి, వీడియో పనికి 48,000 వాడడానికి ఇదే మూలం. పాత టెలిఫోను పద్ధతిలో సెకనుకు 8,000 సార్లే కొలిచేవారు కాబట్టి 4,000 హెర్ట్‌జ్ పైనున్నదంతా పోయేది. అలాంటి రికార్డింగులో నాడె టక్కుమనే శబ్దం పదును పోయి మొద్దుగా వినిపిస్తుంది. మాట అర్థమవుతుంది గానీ ‘స’, ‘శ’, ‘ష’ల తేడా తేలదు.

ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకుంటామన్నది బిట్ల లెక్క. 16 బిట్లకు 65,536 మెట్లు, 24 బిట్లకు 1,67,77,216 మెట్లు. ప్రతి బిట్టూ సుమారు 6 డెసిబెల్‌లు కలుపుతుంది కాబట్టి 16 బిట్లతో 96, 24 బిట్లతో 144 డెసిబెల్‌ల విస్తారం సిద్ధాంతరీత్యా దొరుకుతుంది. రికార్డు చేసేటప్పుడు 48,000, 24 బిట్లు పెట్టుకోవడం మంచి అలవాటు. ఒక్క మైకుతో, మోనోలో అయితే గంటకు సుమారు 518 ఎంబీ పడుతుంది. ఈనాటి మెమరీ కార్డులకు అది బరువే కాదు. అదే ధ్వనిని 128 కిలోబిట్ల ఎంపీ3గా కుదిస్తే నిమిషానికి ఒక ఎంబీ కూడా కాదు. కుదించినప్పుడు పారేసినది మళ్లీ తిరిగిరాదు. అందుకే అసలు రికార్డింగు వేవ్ ఫైలుగా ఉండాలి. కుదించిన ప్రతులు పంచుకోవడానికి మాత్రమే.

వాట్సాప్‌లో పంపే గొంతు సందేశం ఓపస్ అనే పద్ధతిలో బాగా కుదించినది. తాత చెప్పిన కథను అలా పంపించుకుని, ఫోనులో ఉన్న అసలును చెరిపేసేవారు చాలామంది. అసలు ఫైలునే పంపాలంటే వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’ ద్వారా పంపాలి. ఈ చిన్న సంగతి తెలియక కుటుంబాల గొంతులు ఎన్ని పోయాయో!

గది, మైకు

మైకు నుంచి నోటి దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఫ్యాను రొద, బయటి రొద మాత్రం ఉన్నంతే ఉంటాయి. అంటే మైకును 60 సెంటీమీటర్ల నుంచి 30 సెంటీమీటర్లకు జరపడం ఒక్కటే చేసే మేలును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా చేయలేదు. ఈ ప్రాంతంలో నేర్చుకునేవారు మొదట ఒంటపట్టించుకోవాల్సింది ఇదే. మాట్లాడే మనిషికి ఒక చాచిన జానెడు నుంచి జానెడున్నర దూరంలో, నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు మైకు పెడితే గొంతు దగ్గరగా వస్తుంది, ‘ప’, ‘ఫ’, ‘భ’ అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ మైకు మీద పడదు. ఫోనుతో రికార్డు చేసేటప్పుడు మైకు చాలా ఫోన్లలో కింది అంచున ఉంటుందని గుర్తుంచుకుని ఆ అంచును మనిషి వైపు తిప్పాలి. ఫోనును విమానం మోడ్‌లో పెట్టకపోతే ఏ ఘట్టంలో రింగు మోగుతుందో చెప్పలేం.

ఇక్కడి ఇళ్లకు బండల నేల, గట్టి గోడలు, సిమెంటు కప్పు. ఇలాంటి గదిలో చప్పట్లు కొడితే ఆ మోత గోడల మధ్య తిరిగి తిరిగి మెల్లగా ఆరుతుంది. మాట రికార్డు చేస్తే ఆ గింగురు కూడా అందులో పడుతుంది. ఎడిటింగులో దాన్ని తీయడం దాదాపు కుదరని పని. దీనికి మందు ఈ ఊరి సరుకే. పత్తి, పరుపు, బొంత, దుప్పటి, నేత బట్టల కట్టలు, ఒకప్పుడు పేరుపడ్డ ఆదోని నూలు తివాచీలు, ఇవన్నీ శబ్దాన్ని లోపలికి పీల్చుకునే పదార్థాలు. ధ్వని తరంగం పోగుల సందుల్లోకి దూరి, రాపిడిలో కొంచెం వేడిగా మారి, బలం కోల్పోతుంది. అయితే ఎంత మందం అన్నదే అసలు సంగతి. 1,000 హెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. దాన్ని బాగా పీల్చుకోవడానికి అందులో నాలుగో వంతు, అంటే ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల మందం ఉండాలి, లేదా గోడకూ బొంతకూ మధ్య అంత ఖాళీ ఉండాలి. పలచటి తెర ఒక్కటి కడితే గరగరలాడే పై శబ్దాలు తగ్గుతాయి గానీ గొంతులోని బరువైన శబ్దం గదిలో మోగడం మానదు. రెండు మంచాల మీద నిలబెట్టిన రెండు పరుపులు, వెనకాల ఒక బొంత, కింద ఒక తివాచీ, వాటి మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టినా ఆ చోటు రేడియో గదికి దగ్గరగా వస్తుంది. బట్టల కొట్టు గోదాములో, థాన్ల మధ్య తీసిన గొంతు ఎంత శుభ్రంగా ఉంటుందో ఒక్కసారి విన్నవారు మళ్లీ ఖాళీ హాలులో కూర్చోరు.

పీల్చుకోవడం వేరు, అడ్డుకోవడం వేరు. పక్కింటి మరమగ్గం దడదడను బొంతలు ఆపలేవు. గోడ గుండా, నేల గుండా వచ్చే లోతైన శబ్దాన్ని ఆపేది బరువైన గోడే. అందువల్ల అలాంటి చోట సమయమే మందు. మిల్లు షిఫ్టు మారే వేళ, మరమగ్గాలు ఆగే వేళ, కరెంటు పోయిన వేళ చూసుకుని రికార్డు చేయాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో పనిచేసే రికార్డరుకు మరో లాభం ఉంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కాబట్టి, సరిగా ఎర్తింగు లేని చోట 50, 100, 150 హెర్ట్‌జ్ దగ్గర గుయ్యిమనే శబ్దం తీగల ద్వారా చొరబడుతుంది. ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసేసి నడిపితే ఆ రొద చాలాసార్లు దానంతటదే పోతుంది.

ఫ్యాను ఆపడం తప్పదు. ఏప్రిల్, మేలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లలో పెద్ద వయసువారిని ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోబెట్టడం సరైన పని కాదు. తెల్లవారుజామునో, పొద్దు వాలాకనో, పది పదిహేను నిమిషాల ముక్కలుగా తీసుకుంటూ మధ్యలో ఫ్యాను వేయడం మేలు. మనిషి హాయిగా ఉంటేనే గొంతు హాయిగా ఉంటుంది.

ఆషాఢపు గాలి మరో ఇబ్బంది. పొలాల్లో, గుట్టల మీద మైకుకు నురుగు తొడుగు ఒక్కటి చాలదు. దాని పైన బొచ్చు తొడుగు ఉండాలి. గాలి మైకు పొరను నేరుగా కొట్టినప్పుడు వచ్చే బరబరను తర్వాత తీయలేం. గాలికి వీపు పెట్టి, మైకును ఒంటి నీడలో ఉంచడం ఖర్చులేని ఉపాయం.

మైకుల్లో మూడు రకాలు తెలిస్తే మొదట్లో చాలు. సభల్లో చేతిలో పట్టుకునే డైనమిక్ మైకు దగ్గరి శబ్దాన్నే పట్టుకుని దూరపు రొదను వదిలేస్తుంది కాబట్టి రద్దీలో పనికొస్తుంది. కండెన్సర్ మైకు సూక్ష్మమైనది, 48 వోల్టుల కరెంటు అడుగుతుంది, నిశ్శబ్దమైన గదికి తగినది. చొక్కాకు పెట్టే కాలరు మైకు ఇంటర్వ్యూలకు సరిపోతుంది. చీర కొంగో మెడలో గొలుసో దానికి రాసుకోకుండా చూసుకోవాలి.

శబ్దం మోతాదు

డిజిటల్ రికార్డింగులో పైన గట్టి కప్పు ఉంటుంది. దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. దానికి తగిలిన శబ్దం తల తెగి చిరిగిపోయినట్టు వినిపిస్తుంది, మళ్లీ బాగుపడదు. కాబట్టి అత్యధిక శిఖరాలు కప్పుకు 12 డెసిబెల్‌లు కింద ఉండేట్టు మోతాదు పెట్టుకుంటే ఊహించని దెబ్బకు చోటు మిగులుతుంది. మెత్తగా వచ్చినదాన్ని ఎడిటింగులో పెంచవచ్చు, చిరిగినదాన్ని అతకలేం.

గొరవయ్యల ఆటను రికార్డు చేసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ముందు గొరవయ్య మాట్లాడతాడు, గొంతు మామూలుగా ఉంటుంది. దానికి సరిపోయేట్టు మోతాదు పెట్టి హాయిగా కూర్చుంటే, ఢమరుకం మోగిన మొదటి క్షణంలోనే మీటరు ఎర్రబడుతుంది. చర్మం మీద ముడి తగిలే ఆ దెబ్బ మిల్లీసెకన్లలో ఎగసి పడిపోతుంది. చెవికి అంత పెద్దగా అనిపించకపోయినా మైకుకు అది పెద్దదే. అందుకే మొదట ఢమరుకాన్ని గట్టిగా వాయించమని అడిగి, దానికి మోతాదు పెట్టుకుని, ఆ తర్వాతే మాట మొదలుపెట్టాలి. రెండు మైకులు ఉంటే ఒకటి గొంతుకు, ఒకటి వాద్యానికి పెట్టవచ్చు. అప్పుడు రెండు మైకుల మధ్య దూరం ఒక్కో మైకుకూ దాని శబ్దానికీ ఉన్న దూరానికి మూడింతలు ఉండాలి. లేకపోతే ఒకే శబ్దం రెండు మైకులకు వేర్వేరు వేళల్లో చేరి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది. ధ్వని 34 సెంటీమీటర్లు పోవడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ కాస్త తేడా చాలు.

ఫోన్లు తమంతట తామే మోతాదు పెంచి తగ్గిస్తాయి. మనిషి ఆగగానే ఫోను మోతాదు పెంచి బయటి రొదను పైకి లాగుతుంది. ఆ ఏర్పాటును ఆపడానికి వీలిచ్చే రికార్డింగు యాప్‌ను ఎంచుకోవడం మంచిది.

ఎడిటింగు

మొదటి నియమం, అసలు ఫైలును ముట్టుకోకూడదు. దాని ప్రతి తీసి, ప్రతి మీదే పని చేయాలి. రెండోది, కోత మొదలుపెట్టకముందు మొత్తాన్ని హెడ్‌ఫోన్‌లో ఒకసారి వినాలి. వింటూ కావలసిన చోట్ల లేబుళ్లు పెట్టుకుంటూ పోతే సగం పని అయిపోయినట్టే. ఆడాసిటీలో కంట్రోల్, బి కలిపి నొక్కితే లేబుల్ పడుతుంది. చూపుతో కాక చెవితో ఎడిటింగు చేయాలని పాతవాళ్లు అంటుంటారు. తెర మీద అలల బొమ్మ ఎదురుగా కనిపిస్తున్నప్పుడు ఆ మాట మరిచిపోవడం చాలా తేలిక.

తెలుగు మాటను కోసేటప్పుడు ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. ‘పత్తి’ అనే మాటను తెర మీద పెద్దది చేసి చూస్తే ‘ప’ తర్వాత కాస్త ఖాళీ కనిపిస్తుంది. నాలుక పళ్లకు ఆని గాలి ఆగిన క్షణం అది. జంట హల్లు కాబట్టి మామూలు ‘త’కన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది. ఖాళీలను దానంతటదే కత్తిరించే ‘ట్రంకేట్ సైలెన్స్’ పనిముట్టును గుడ్డిగా వాడితే ఆ ఖాళీని అనవసరమైన మౌనం అనుకుని తగ్గించేస్తుంది. అప్పుడు ‘పత్తి’ కాస్తా ‘పతి’ అయి కూర్చుంటుంది. ‘అక్క’, ‘కట్ట’, ‘ఎద్దు’, అన్నిటికీ ఇదే ముప్పు. దీర్ఘాచ్చుల తోకలు తెగినా అర్థమే మారుతుంది. అందుచేత ఆ పనిముట్టుకు అర సెకనుకన్నా పెద్ద ఖాళీలనే ముట్టుకోమని చెప్పాలి. తర్వాత మొత్తాన్ని విని సరిచూడాలి.

రెండు ముక్కలు కలిపే చోట కోత అలల గీత సున్నాను దాటే చోట ఉండాలి. లేకపోతే చిటుక్కుమంటుంది. అతుకు మీద కొన్ని మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ మరొకటి పెరిగే కలయిక) వేస్తే ఇంకా నున్నగా వస్తుంది. మగ్గం మీద కొత్త పడుగును పాత పడుగు పోగులకు ఒక్కొక్కటిగా మెలివేసి అతికేవారి ఓపికే ఇక్కడా కావాలి. అతుకు దగ్గర తెలిసిపోయే ఇంకో లోపం నేపథ్యం. మాట మధ్యలో పూర్తి నిశ్శబ్దం పెడితే గది మాయమైనట్టు అనిపిస్తుంది. అందుకే ప్రతి చోటా రికార్డింగు ముగిశాక అరనిమిషం పాటు ఎవ్వరూ మాట్లాడకుండా గది ఊరికే ఉన్నప్పటి శబ్దాన్ని తీసుకోవాలి. ఖాళీలు పూడ్చడానికి అదే సరుకు.

ఆ అరనిమిషం మరో పనికీ వస్తుంది. ‘నాయిస్ రిడక్షన్’ రెండు అడుగుల్లో పనిచేస్తుంది. ముందు ఒట్టి రొదను ఎంపిక చేసి దాని నమూనా తీసుకోవాలి, తర్వాత మొత్తం మీద వేయాలి. ఫ్యాను హోరు, మిల్లు హోరు లాంటి మారని రొదకే అది పనికొస్తుంది. హారను, కుక్క మొరుగు లాంటివాటికి కాదు. ఒకేసారి 6 నుంచి 12 డెసిబెల్‌లకన్నా ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలో నుంచి వచ్చినట్టు అవుతుంది. కాస్త హోరు మిగిలినా ఫరవాలేదు, మనిషి గొంతు చెడకూడదు. దీనికన్నా ముందు 80 హెర్ట్‌జ్ కిందనున్నదాన్ని తీసేసే హై-పాస్ ఫిల్టరు వేస్తే మాటకు నష్టం లేకుండానే లోతైన గుయ్యి చాలా పోతుంది. మగ్గానికి, డప్పుకు మాత్రం ఆ ఫిల్టరు వేయకూడదు. వాటి బరువంతా అక్కడే ఉంది.

చివరగా, విన్నప్పుడు ఎంత పెద్దగా అనిపిస్తుందో కొలిచే లౌడ్‌నెస్‌ను సరిచూడాలి. పాడ్‌కాస్టులకు స్టీరియోలో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలమానం), మోనోలో మైనస్ 19 ప్రమాణం వాడుకలో ఉంది. యూరపు ప్రసార సంస్థలు మైనస్ 23 పాటిస్తాయి. ఎడిటింగు పూర్తయ్యాక ఫోను స్పీకరులో ఒకసారి, బస్సులోనో బజారులోనో హెడ్‌ఫోన్‌లో ఒకసారి వినడం మంచిది. వినేవాళ్లు వినేది అక్కడే.

పాత క్యాసెట్లను డిజిటలు చేయడం

పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని వేరే విద్య. క్యాసెట్ అయస్కాంత పొర ఎండకు, తేమకు, ధూళికి క్షీణిస్తుంది. ఇనుప బీరువా పైన పెట్టిన క్యాసెట్లు ఎండాకాలంలో బాగా నలుగుతాయి. ముందు ప్లేయరు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పి వదులు పోగొట్టాలి. శబ్దం మొద్దుగా వస్తే హెడ్ కోణం సరిచేసే చిన్న మరను పై శబ్దాలు బాగా వినిపించేదాకా జాగ్రత్తగా తిప్పాలి. ప్లేయరు లైన్ అవుట్ నుంచి కంప్యూటరు లైన్ ఇన్‌కు తీగ వేయాలి. స్పీకరు ముందు ఫోను పెట్టి తీయడం ఆఖరి గతి. 60 నిమిషాల క్యాసెట్ ఎక్కించడానికి 60 నిమిషాలే పడుతుంది, తొందర పెట్టే దారి లేదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంస్థ దీనికి కనీసం 48,000, 24 బిట్లు సూచిస్తుంది. రొద తీసిన ప్రతి వేరుగా ఉండవచ్చు. రొదతో ఉన్న మూల ప్రతిని మాత్రం అలాగే ఉంచాలి.

నేర్చుకునే తోవ

పెద్ద చదువులు లేనివారికి ఈ విద్య రాదన్న మాటకు తెలుగు నేలమీదే గట్టి సమాధానం ఉంది. అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే దళిత మహిళలు రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ చేతికి తెచ్చుకుని దాన్ని నడిపారు. విత్తనాలు, పంటలు, పాటలు, పల్లె వైద్యం వాళ్ల కార్యక్రమాలు. దానికి అయిదేళ్ల ముందు, 2003లో, కర్ణాటకలో తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా బూదికోటలో ‘నమ్మ ధ్వని’ కేబుల్ తీగల ద్వారా ఊరి కార్యక్రమాలను ఊరికే వినిపించింది. పౌర సంస్థలకు సామాజిక రేడియో అనుమతి ఇచ్చే విధానం కేంద్రం తెచ్చింది 2006లో. ఆదోని, ఎమ్మిగనూరు యువతకు సంఘం రేడియో, నమ్మ ధ్వని రెండూ దగ్గరి నమూనాలు.

మొదట్లో చేయదగిన సాధనలు తేలికైనవి. ఒకే వాక్యాన్ని వంటింట్లో, మిద్దె మీద, పరుపుల మధ్య రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినడం. మగ్గాన్ని మూడు చోట్ల నుంచి తీసి మూడు శబ్దాలను విడివిడిగా పట్టుకోవడం. ఇంట్లో పెద్దవారి చేత ఒక కథ చెప్పించి, పదిహేను నిమిషాల దాన్ని కథ చెడకుండా నాలుగు నిమిషాలకు తేవడం. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ గొంతు పూడుకుపోయిందో తెలిసినవాళ్లకే ఏది ఉంచాలో తెలుస్తుంది. తప్పులన్నీ తీసేసి, ఆగినచోటల్లా కోసేస్తే చెప్పిన మనిషి మాయమై వార్తలు చదివే గొంతు మిగులుతుంది.

హక్కులు, భద్రత

1994 సవరణతో భారత కాపీరైటు చట్టం కళాకారులకు తమ ప్రదర్శన మీద హక్కు గుర్తించింది. 1999 సవరణ దాన్ని 50 ఏళ్లకు పొడిగించింది. ధ్వని రికార్డింగు మీద కాపీరైటు 60 ఏళ్లు. పాటలు కట్టినవారి పేరు తెలియకపోవచ్చు, పాడుతున్న మనిషి మాత్రం మన ఎదురుగానే ఉంటుంది. ఆమెను అడగకుండా పాటను ఇంటర్నెట్టులో పెట్టడం, దానితో వచ్చిన డబ్బులో ఆమెకు వాటా లేకపోవడం న్యాయం కాదు. రాతలో ఒప్పుకోలు తీసుకోవడం కుదరనప్పుడు రికార్డింగు మొదట్లోనే ఆమె చేత నోటితో చెప్పించుకోవడం ఒక దారి. గొరవయ్యల పాటల్లో కొన్ని గుడి ఎదుట తప్ప పాడకూడదన్న నియమాలు ఉంటే వాటిని గౌరవించాలి.

ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది భాండాగారాలు పాటించే పద్ధతి. 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ నెలకొల్పిన, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న జాతి సంగీత భాండాగారం పరిశోధకుల రికార్డింగులను భద్రపరుస్తోంది. ఫైలు పేరులో తేదీ, ఊరు, విషయం ఉండాలి. దాని పక్కనే ఒక కాగితం లేదా టెక్స్టు ఫైలులో పాడినవారి పేరు, వారు చెప్పిన షరతులు, వాడిన మైకు, మాట్లాడిన భాషలు, మధ్యలో వినిపించే రైలు ఏదో, మగ్గం ఎవరిదో రాసి పెట్టాలి.